డేగ వచ్చే వేళ

కాకులు ఒక్కసారిగా గోల పెట్టాయంటే మామూలు ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. పావురాలున్న ఇంట్లో మాత్రం తాగుతున్న టీ అక్కడే వదిలేసి మేడమీదికి పరుగు తీస్తారు. కాకి అరుపులో తేడా వాళ్లకి తెలుసు. మెతుకుల కోసం అరిచే అరుపు వేరు. డేగను చూసి అరిచే అరుపు వేరు!

హైదరాబాద్ పాతబస్తీలో అలాంటి మేడలకు కొదవలేదు. తరాలుగా వస్తున్న సరదా ఇది. పిట్టగోడ పక్కన చెక్క గూళ్లు, పొడవాటి బొంగు మీద పావురాలు వాలడానికి ఛత్రీ, మూలన సజ్జలూ జొన్నలూ పోసిన డబ్బా. గిరేబాజ్‌లు కంటికి చుక్కల్లా కనిపించేంత ఎత్తున గంటల తరబడి ఎగురుతాయి. లక్కాలు నెమలిలా తోక విప్పుకుని మేడంతా తమదే అన్నట్టు తిరుగుతాయి. సాయంత్రం ఏ మేడ మీద చూసినా ఎవరో ఒకరు ఆకాశంలోకి చూస్తూనే ఉంటారు.

ఆ మేడల్లో ఒకటి ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఓ పెద్దాయనది. ఆయన దగ్గర ముప్ఫై దాకా పావురాలున్నాయి. ఉదయం లేవగానే ముందు వాటికి నీళ్లు, తర్వాతే ఆయనకు కాఫీ. 'మనుషుల్ని ఎప్పుడైనా ఇంత ప్రేమగా పిలిచారా?' అని ఇంటావిడ దెప్పుతుంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆమధ్య ఓ డిసెంబర్ ఉదయం ఆయన గుంపును వదిలాడు. గూట్లో పది రోజుల పిల్లలున్నాయి. తల్లి వాటి దగ్గరే ఉంది. తండ్రి, మెడ మీద నల్లచుక్కలున్న తెల్ల పావురం, మిగతావాటితో కలిసి ఎగిరింది. గుంపు రెండు చుట్లు తిరిగిందో లేదో పైనుంచి రాయి పడ్డట్టు ఏదో పడింది. గుంపు చెల్లాచెదురైంది. గాల్లో నాలుగు తెల్ల ఈకలు మెల్లగా దిగుతున్నాయి. అంతే! ఇరవై తొమ్మిది తిరిగొచ్చాయి. చుక్కలది రాలేదు.

పావురాల కాపురంలో మొగుడూపెళ్లాలకు పనులు సమానం. గుడ్లు పొదిగే పద్ధెనిమిది రోజులూ వంతులేసుకుంటాయి. పిల్లలు పుట్టాక గొంతుసంచిలో ఊరే పాలలాంటి మేతను తల్లీ పెడుతుంది, తండ్రీ పెడుతుంది. అలాంటి ఇంట్లో ఒకరు పోతే? రెండోది ఒంటరిగా అంత బరువూ మోయాలి. పెద్దాయన నానబెట్టిన శనగలు ఒక్కొక్కటే పిల్లల నోట్లో పెడుతూ వారం రోజులు కూర్చున్నాడు. రెండింట్లో ఒకటే దక్కింది.

ఇక సలహాలకేం కొదవ! పక్క మేడ నుంచి ఒకరు 'ముసలి పావురానికి మందు పూసి ఎగరేయండి, పీడ విరగడవుతుంది' అన్నారు. ఇంకొకరు వల పన్నమన్నారు. తొమ్మిదో తరగతి చదివే మనవడి కళ్లలో నీళ్లు, గొంతులో కోపం.

'దాన్ని చంపేద్దాం తాతా!'

'చంపితే ఇంకోటి వస్తుందిరా. ఖాళీ అయిన బస్ స్టాండులో ఇంకో బస్సు ఆగినట్టు' అన్నాడాయన.

ఆ మాటలో చాలా నిజముంది. మేత దొరికే చోటును డేగలు ఖాళీగా ఉంచవు. పైగా మందు పెడితే అది ఒక్క డేగతో ఆగదు. చచ్చినదాన్ని పొడిచిన కాకి, పీక్కుతిన్న కుక్క, లాక్కెళ్లిన పిల్లి... వరసపెట్టి పోతాయి. అన్నిటికీ మించి డేగలు, గద్దలు, గుడ్లగూబలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడే పక్షులు. వాటిని చంపడం, పట్టడం, గూడు చెడగొట్టడం నేరం.

అసలు వచ్చింది ఎవరో తెలిస్తే సగం కాపలా అయినట్టే. ఏడాది పొడవునా వీధి చెట్ల మీద కనిపించేది జాలె డేగ. శిక్రా అన్నా అదే. పావురం కన్నా కాస్త చిన్నగానే ఉంటుంది. తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు దాని మేత. కానీ గూటి తలుపు తీసి ఉండి, లోపల పిల్ల కనపడితే ఊరుకోదు. గద్ద ఎక్కువగా చెత్తకుప్పల మీద బతుకుతుంది. అదీ అంతే, అందితే పిల్లను తన్నుకుపోతుంది. అసలు భయం చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చే బైరి డేగతో. ప్రపంచంలో అంత వేగంగా దూకే పక్షి మరొకటి లేదు. రెక్కలు ముడుచుకుని కిందికి దూకితే గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. చుక్కల పావురానికి తల తిప్పి చూసే వ్యవధి కూడా దొరికి ఉండదు.

మరి ఏం చేయాలి? పాత కాపరులు చెప్పే మొదటి మాట: రోజూ ఒకే వేళకు వదలొద్దు. ఏడింటికి వదిలితే ఏడింటికే వచ్చి కూర్చోవడం డేగకు రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఒకసారి దెబ్బ తగిలిందంటే రెండు వారాలు గూడు తలుపు మూసే ఉంచాలి. మేత దొరకని చోట డేగ పడిగాపులు పడదు. దాని దారి అది చూసుకుంటుంది.

రెండో మాట: కడుపు నింపి వదలొద్దు. ఆకలి మీదున్న పావురం డబ్బా చప్పుడు వినగానే బాణంలా గూట్లోకి వస్తుంది. తిని ఎగిరింది మాత్రం ఛత్రీ మీద తీరిగ్గా ఈకలు దువ్వుకుంటూ కూర్చుంటుంది. డేగకు కావాల్సింది ఆ తీరికే! గూటి వాకిలికి లోపలికి మాత్రమే తెరుచుకునే తీగల తలుపు పెడితే, వచ్చిన పావురం నెట్టుకుని లోపలికి పోతుంది. మళ్లీ బయటికి రాలేదు. కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. గుంపును వీడి వెనకబడినదాని మీదే డేగ కన్ను.

మూడోది గూడు. కోళ్లకు కట్టే పలచటి జాలీ చాలదు. అరంగుళం కన్నాల వెల్డింగ్ జాలీ కావాలి. అదీ పక్కలకే కాదు, పైకప్పుకూ ఉండాలి. పావురాలు కూర్చునే కర్రలు జాలీకి జానెడు దూరంలో ఉండాలి. లేకపోతే బయట నుంచే గోళ్లు అందుతాయి. పాత సీడీలు, మట్టి గుడ్లగూబ బొమ్మలు వేలాడదీస్తే నాలుగు రోజులు పనిచేస్తాయి. అయిదో రోజు డేగ ఆ బొమ్మ మీదే వచ్చి వాలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వాటికన్నా కాకులు నయం. రోజూ పిట్టగోడ మీద గుప్పెడు అన్నం పెడితే చాలు. జీతం లేని కాపలాదార్లు!

పెద్దాయన ఇవన్నీ చేశాడు. పింఛను డబ్బులో కొంత జాలీకి పోయింది. మనవడు సుత్తి పట్టుకుని మేకులు కొట్టాడు. కోపం మేకుల మీదికి మళ్లిందేమో, పని పూర్తయ్యేసరికి 'చంపేద్దాం' అనే మాట వాడి నోట రాలేదు.

డేగ మీద ఈ కక్ష ఒక్క పాతబస్తీది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమానాలు పావురాలను వెంట తీసుకెళ్లేవి. విమానం కూలితే అవి కబురు తేవాలి. దారిలో బైరి డేగలు వాటిని పట్టేస్తున్నాయని 1940లో ప్రభుత్వమే వాటిని చంపడానికి ఉత్తర్వు ఇచ్చింది. వందల సంఖ్యలో డేగలు నేలకూలాయి. యుద్ధం అయిపోయింది. 1960 నాటికి పందెం పావురాలవాళ్లు మళ్లీ గొడవ మొదలెట్టారు. డేగలు పెరిగిపోయాయి, వాటికి చట్టం రక్షణ తీసేయండి అని. సరే, ముందు లెక్క తేలుద్దామని 1961లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో గూళ్లు లెక్కపెట్టడం మొదలైంది. తేలిందేమిటి? డేగలు పెరగలేదు సరికదా, ఎన్నో కొండల మీద గూళ్లు ఖాళీ! పొలాల్లో మందు పట్టించి చల్లిన గింజలను పావురాలు తిన్నాయి. వాటిని తిన్న డేగల ఒంట్లోకి ఆ విషం చేరింది. డీడీటీ వల్ల గుడ్డు పెంకులు పలచబడి తల్లి బరువుకే చితికిపోయాయి. శత్రువు మీద ఫిర్యాదు చేయబోతే, శత్రువే చావుబతుకుల్లో ఉన్నట్టు బయటపడింది. తర్వాత ఆ మందులను అదుపు చేశాకే అక్కడ బైరి డేగ మళ్లీ కోలుకుంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. పెంపుడు పావురాలన్నిటికీ మూలం కొండచరియల్లో గూడు కట్టే బూడిదరంగు గువ్వ. రాతిలో రాయిలా కలిసిపోయే రంగు, మెరుపులా మలుపు తిరిగే రెక్క దాని ఆస్తులు. ఆ గువ్వల్లో చాలావాటికి నడుము మీద తెల్లపట్టీ ఉంటుంది. అలాంటివి బైరి డేగకు చాలా తక్కువగా దొరుకుతాయని అమెరికాలోని కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధన చెప్పింది. 2005లో 'నేచర్' పత్రికలో అచ్చయిందది. పావురం పక్కకు మలిగే క్షణంలో ఆ తెల్ల మెరుపు డేగ చూపును ఏమారుస్తుందట. వేల ఏళ్లుగా డేగతో తలపడి గువ్వ సంపాదించుకున్న కవచమది. మనిషి ఏం చేశాడు? అందం కోసం మల్లెపూవులాంటి తెలుపు తెచ్చాడు. సరిగ్గా ఎగరడానికి అడ్డొచ్చేంత తోక పెంచాడు. కళ్లు కప్పేసే కుచ్చులు పెంచాడు. దాని కవచం ఊడదీసి తన ముచ్చట తీర్చుకున్నాడు. అలాంటప్పుడు కాపలా కాయాల్సిన పూచీ ఎవరిది? డేగ తన బుద్ధి మార్చుకోవాలనడం న్యాయమేనా?

ఈ తగువు శిబి చక్రవర్తి ముందుకు ఏనాడో వచ్చింది. ఒడిలో వాలిన పావురాన్ని చక్రవర్తి కాపాడిన సంగతి పిల్లలకూ తెలుసు. వెంట తరిమిన డేగ అడిగిన ప్రశ్నే చాలామందికి గుర్తుండదు. 'దానికి ప్రాణం ఇచ్చావు, బాగుంది. నా కూడు తీసేస్తే నా ప్రాణం సంగతేమిటి?' అని అడిగింది. శిబి దాన్ని దుష్టపక్షి అని తిట్టలేదు. విల్లు ఎక్కుపెట్టలేదు. ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకున్నాడు. పావురాన్ని కాపాడతానన్నది తను కనుక ఖర్చు కూడా తనదేనన్నాడు. త్రాసు తెప్పించాడు.

పావురాలు పెంచేవాళ్లందరికీ ఆ త్రాసు ముందు నిలబడే రోజు ఒకటి వస్తుంది. కాకపోతే వాళ్ల అదృష్టం బాగుంది. చక్రవర్తి తొడ కోసి ఇచ్చాడు. వీళ్లు కోయాల్సింది నాలుగు గజాల ఇనుప జాలీయే!