మన గల్లీ మ్యాప్‌లో ఉందా?

సాఫ్ట్‌వేర్‌లో గొప్ప తెలుగువాళ్లెవరని అడిగితే సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ అని ఠక్కున చెప్పేస్తాం. లలితేశ్ కాట్రగడ్డ అంటే మాత్రం ‘ఎవరాయన?’ అంటారు. నాకైతే ఆయన కెరీరే ఎక్కువ నచ్చుతుంది.

లలితేశ్ 2002లో గూగుల్‌లో చేరారు. తర్వాత ఇండియాలో ఆ కంపెనీ ఇంజినీరింగ్ సెంటర్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరయ్యారు. అప్పటికి మన ఊళ్లలో చాలావాటికి డిజిటల్ మ్యాపులే లేవు. ప్రతి గల్లీకీ మనుషుల్ని పంపి కొలిపించాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే ఆయన టీమ్ పనిని తిరగేసింది. శాటిలైట్ ఫొటో మేమిస్తాం, దాని మీద మీ రోడ్డు మీరే గీయండి అంది. అదే 2008లో వచ్చిన గూగుల్ మ్యాప్ మేకర్. కొత్తవాళ్లు గీసింది అనుభవమున్నవాళ్లు చూసి ఓకే చేసేవాళ్లు.

అదే ఏడాది నర్గీస్ తుఫాను మయన్మార్‌ను ముంచేసింది. సాయం పంపుదామంటే సరైన మ్యాపులు లేవు. వాలంటీర్లు నాలుగు రోజుల్లో 1,20,000 కిలోమీటర్ల రోడ్లు, 3,000 ఆస్పత్రులు గుర్తించారని 2009లో మైసూరు టెడ్ ఇండియా వేదిక మీద లలితేశ్ చెప్పారు.

అంత దూరం ఎందుకు, మా లక్డారం సంగతే చూడండి. ఇక్కడ అడ్రస్ అంటే ‘హైవే మీద గేటు దగ్గర దిగి, క్రషర్ దాటి, వేపచెట్టు కాడ ఎడమకి’. టిప్పర్ డ్రైవర్లకు ఇది చాలు, ఫోన్‌కి చాలదు. పోయిన వానాకాలం ఓ రాత్రి మా గల్లీలో ఒక పెద్దమ్మకి ఆయాసం ఎక్కువైంది. అంబులెన్స్ గేటు దగ్గరే ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్‌లో మా గల్లీ సగంలో తెగిపోయి ఉంది. ఓ పిల్లాడు బైక్ మీద ఎదురెళ్లి తీసుకొచ్చాడు. పెద్దమ్మ బతికింది.

మర్నాడే లాప్‌టాప్ తీసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మిగతా సగం గీశాను. మిగతా యాప్‌లకూ సవరణ పంపాను. గీత గీస్తే సరిపోదు. రెండు రోడ్లు కలిసేచోట రెండింటికీ ఒకే పాయింట్ ఉండాలి. కంటికి కలిసినట్టు కనిపించినా, ఆ పాయింట్ లేకపోతే అక్కడ మలుపు లేదనే నావిగేషన్ అనుకుంటుంది. ఐదు నిమిషాల పని. నేను ఆఫీసులో ఆరు నెలలు రాసిన కోడ్ కన్నా అదే మా ఊరికి పనికొచ్చింది.

మ్యాప్ మేకర్ 2017 మార్చి 31న మూతపడింది. జనం గీసినవి గూగుల్ మ్యాప్స్‌లో కలిసిపోయాయి. ఇక్కడో ప్రశ్న ఉంది: ఉచితంగా మనం గీసింది ఎవరిది? కంపెనీ యాప్‌లో గీస్తే కంపెనీ చేతిలో ఉంటుంది. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీస్తే ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని వాడుకోవచ్చు. అందుకే నేను ముందు అక్కడ గీస్తా. కానీ ఊరివాళ్లే ఊరి మ్యాప్ గీయగలరన్న నమ్మకాన్ని మన దేశంలో కోట్ల ఫోన్ల దాకా తెచ్చినవాళ్లలో లలితేశ్ ఒకరు.

మా బ్యాచ్‌లో కెరీర్ అంటే ప్యాకేజీ, ఆన్‌సైట్. తప్పేం లేదు, నాకూ ఈఎంఐలున్నాయి. అయినా ఈ ఆదివారం ఓ పని చేయండి. మ్యాప్ తెరిచి, మీ గల్లీ చివరి ఇంటిదాకా జూమ్ చేయండి. రాత్రి రెండింటికి వచ్చే అంబులెన్స్ డ్రైవర్‌కి కనిపించేది అదే.