బ్రూనో చెప్పలేని మాట

మే నెల, ఉదయం 9:30. డాగ్ షో ఉందని విజయవాడలో మా కాలనీ గ్రౌండ్‌లో బ్రూనోకి ట్రైనింగ్ ఇస్తున్నా. బంతి విసిరిన ప్రతిసారీ తెచ్చేస్తుంటే మాంచి హుషారులో ఉన్నాడనుకున్నా. పదోసారి తూలి పడిపోయాడు. నాలుక ఎర్రగా కందిపోయింది, చిక్కటి చొంగ.

ఏడుస్తూ డాక్టర్ గారికి ఫోన్ చేశా.

“ముందు ఒళ్లంతా నీళ్లు పొయ్యమ్మా. తర్వాతే తీసుకురా.”

“తడి తువ్వాలు కప్పనా?”

“వద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. గాలి తగలనివ్వు.”

వాచ్‌మన్ బాబాయ్ పైపుతో తడుపుతుంటే, నేను అట్టముక్కతో విసిరా. బతికాడు.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దాని ఏసీ. పైగా ‘ఇక నావల్ల కాదు’ అనదు, మనకోసం పరిగెడుతూనే ఉంటుంది.

ఇప్పుడు మా ట్రైనింగ్ తెల్లారకముందే. బయల్దేరేముందు చెయ్యి తిరగేసి రోడ్డుమీద 7 సెకన్లు ఆనిస్తా. కాలిందా, ఆ రోజుకి సెలవే.