చాటుదెబ్బ, చేతిమంత్రం

2003లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 నియమావళిలో, శత్రువు ఏమరుపాటుగా ఉన్నప్పుడో ఇద్దరి మధ్య చిక్కినప్పుడో రోగ్ అనే దొంగ పాత్ర అదనపు పాచికలతో కొట్టే దెబ్బను స్నీక్ అటాక్ అనీ, చేయి తగిలితే చాలు పనిచేసే మంత్రాన్ని టచ్ స్పెల్ అనీ అంటారు. ఈ రెండోదానికి కవచం అడ్డురాదు కనుక, నిలువెల్లా ఉక్కు తొడిగి 18 రక్షణాంకంతో నిలిచిన యోధుడు, చురుకుదనం వల్ల కలిసొచ్చేది లేకపోతే, ఆ చేతి ముందు 10కి పడిపోతాడు. మూడో స్థాయి రోగ్, ఐదో స్థాయి మాంత్రికుడు ఒక్కటైన పాత్ర షాకింగ్ గ్రాస్ప్ మంత్రంతో అలా తాకితే విద్యుత్తుకు 5, చాటుదెబ్బకు 2, వెరసి 7 ఆరుముఖాల పాచికలు దొర్లుతాయి. పైగా లోహకవచమైతే గురికి మరో 3 కలుస్తుంది (తొడుక్కున్న ఉక్కే కొంప ముంచుతుందన్నమాట).

అసలు చిక్కు గొంతుతో వస్తుంది. మంత్రాన్ని గట్టిగా పలకాలి కాబట్టి దొంగ దాన్ని దూరంగా ముందే పఠించి, శక్తిని అరచేతిలో నిలుపుకొని నక్కుతూ రావాలి. దారిలో ఆ చేయి పొరపాటున తలుపు గడియకు తగిలినా మంత్రం అక్కడే ఖర్చయిపోతుంది. 2014 నాటి ఐదో కూర్పు, చాటుదెబ్బకు ఒడుపుగా తిప్పే ఆయుధమో దూరం నుంచి ప్రయోగించే ఆయుధమో ఉండాలనడంతో ఈ జత విడిపోయింది. నియమం తేటపడింది గానీ, గడియ ముట్టకుండా గదిలోకి పోవడమెలాగన్న ముచ్చటైన ఇబ్బంది కూడా దానితోపాటే పోయింది.