వీశె యెత్తు యంత్రము

మా యిల్లు నాచారములో పారిశ్రామికవాడకు సమీపమున గలదు. మా అమ్మాయి ప్రతిదినమును ఉదయము ఎనిమిది గంటలకు ఆటోలో హబ్సిగూడ చేరి, అచ్చట మెట్రో రైలెక్కి రాయదుర్గమునకు ఉద్యోగశిక్షణకై పోవుచుండును. శిక్షణ ముగియువరకు కంప్యూటరును తానే వెంట తీసికొని పోవలెను. ఈ రైలు 2017 నవంబరులో నాగోలునుండి అమీరుపేటవరకును, 2019 నవంబరులో రాయదుర్గమువరకును వచ్చుటచేత మా తూర్పు పేటల ఆడపిల్లలకు పడమటి కొలువులు దగ్గరయినవి. దారి సుగమమైనది గాని భుజముమీది బరువు తగ్గలేదు.

ఆమె మోయుచుండినది అన్నగారు వాడి విడిచిన ల్యాప్‌టాపు. ఒకనాటి రాత్రి ఆమె మెడకు నూనె రాచుచుండగా, ఎడమభుజమున సంచిపట్టీ ఒత్తిన ఎర్రని చార నా కంటబడెను. మరునాడు ఆ యంత్రమును, దాని చార్జరును కూరలు తూచు కాటాపై పెట్టి చూచితిని. 2 కిలోల 800 గ్రాములు తూగినది. మా అమ్మమ్మ లెక్కలో వీశె యనగా 120 తులములు. నేటి కొలతను సుమారు 1 కిలో 400 గ్రాములు. పిల్ల దినదినమును రెండు వీశెలు మోయుచున్నదన్నమాట!

చీటీ పాడగా వచ్చిన రూ. 50,000 నాయొద్ద నుండెను. రూ. 30,000 లోపల ఒక సన్నని ల్యాప్‌టాపు కొని, మిగిలినదానితో వంటింటి అలమర బాగుచేయింపవలెనని నా లోపలి లెక్క. ఆదివారమునాడు తల్లీకూతుండ్రము ఉప్పల్ చేరి, కూడలిపై 2023లో తెరచిన ఆకాశవంతెన దాటి, దగ్గరనున్న దుకాణములు రెండుమూడు తిరిగితిమి.

సన్నని ల్యాప్‌టాపు ఒకప్పుడు ధనికుల వేడుక. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోనుండి మాక్‌బుక్ ఎయిరును వెలికిదీసి చూపినప్పుడు లోకము అబ్బురపడెను. 2011లో ఇంటెల్ సంస్థ అట్టివానికి అల్ట్రాబుక్ అను పేరుపెట్టి ఇతర కంపెనీలచే చేయించెను. 2023లో వచ్చిన జియోబుక్ 990 గ్రాముల బరువుతో రూ. 16,499లకే అమ్మబడెను. కాబట్టి నేడు సన్నదనమునకు వెల లేదు. లోపలి సరకునకే వెల.

ఈ సంగతి నాకు దుకాణములో తెలిసినది. అచ్చట మూడు యంత్రములు మా ముందుంచిరి. మొదటిది రూ. 22,000, ఎంతయో తేలిక. కాని దాని జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, 4 జీబీ మాత్రమే. దాచుకొను చోటు 64 జీబీ. విండోస్ 11 నడచుటకు ఆ కంపెనీవారు చెప్పిన కనీసపు హద్దు ఇదియే. గిన్నెలు సర్దుటకే చాలని వంటింటిలో విందు వండుట యెట్లు? రెండవది రూ. 38,000, 8 జీబీ ర్యామ్, 15.6 అంగుళముల తెర, 1 కిలో 700 గ్రాములు. మూడవది 14 అంగుళములది, సరిగా వీశె యెత్తు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ చోటు. వెల మాత్రము రూ. 58,000.

నేను రెండవదానిపై చేయివేసి, "ఇప్పటికి ఇది తీసికొందము. చాలనిచో తరువాత ర్యామ్ వేయించుకొనవచ్చును గదా?" అంటిని.

దుకాణపు అబ్బాయి నిజాయితీపరుడు. "లేదమ్మగారూ! పాత లావు యంత్రములలో మూత విప్పి కొత్త ర్యామ్ పెట్టుదుము. ఈ రెండు సన్ననివానిలోను ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వచ్చును. ఈనాడు కొన్నంతే యెన్నటికిని" అనెను.

మా అమ్మాయి అంతవరకు మాటాడలేదు. అప్పుడు మెల్లగా, "అమ్మా, అన్నయ్యకు కొన్ననాడు ధర యెవ్వరును అడుగలేదు" అనెను.

ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే నాకు మరింత తగిలినది. ఏడేండ్లక్రిందట అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు రూ. 70,000 అప్పుచేసి కొంటిమి. అమ్మాయి చదువునాటికి, "అన్నయ్యది వచ్చునులే, తరువాత చూతములే" అంటిమి. మన యిండ్లలో ఆడపిల్ల విన్నంతగా ఈ "తరువాత చూతములే" అను మాటను మరెవ్వరు విందురు? చదువుకును అదియే మాట, వైద్యమునకును అదియే మాట. ఆ తరువాత యనునది తరచుగా రానేరాదు. ఈ సన్నని యంత్రమునకు సయితము తరువాత యనునది లేదు.

ఆ దినము కొనక వచ్చితిమి. మరుసటి ఆదివారము సికిందరాబాదు ప్యారడైజువద్దగల చెనాయ్ ట్రేడ్ సెంటరులో ధరలు విచారించి, మూడవదానివంటిదే కొంటిమి. చీటీసొమ్ము పోను తక్కువపడినది నెలవాయిదాలుగా చెల్లించుచున్నాను.

సోదరీమణులారా! మీరును కొనదలచినచో, అంచుల పలుచదనము చూచి మోసపోవలదు. యంత్రమును చార్జరుతో కలిపి తూపించుడు. బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చునని చెప్పుదురో ఆ మాట నమ్మక, దానిపై వ్రాసిన వాట్-అవర్ల సంఖ్య చూడుడు. ఒకేతీరు యంత్రములలో అది యెక్కువైనదే మేలు. టైప్-సి తీగతో చార్జి యగునా యని అడుగుడు. అగునేని దారిలో వేరొకరి చార్జరైనను అక్కరకు వచ్చును, కాని ఫోనుకిచ్చిన చిన్న చార్జరు సాధారణముగా చాలదు. కిటికీ వెలుగులో తెరమీది అక్షరములు చదువవచ్చునో లేదో చూడుడు. మరమ్మతు కేంద్రము దగ్గర నున్నదో లేదో విచారింపుడు. కొన్నపిమ్మట పరుపుమీద పెట్టి వాడనీయకుడు. అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొని యంత్రము వేడెక్కును. ఉత్తరములు, లెక్కలు, పాఠములు మాత్రమే యైనచో 8 జీబీ ర్యామ్ చాలును, యెక్కువ పెట్టనక్కరలేదు. ఎవరి పనికెంత కావలెనో వారినే అడుగుడు.

ఇప్పుడు అమ్మాయి భుజముమీది చార మాసిపోయినది. రాత్రులందు ఆమె పక్కను కూర్చుండి చీటీలెక్క అందులో వ్రాయుట నేనును నేర్చుకొనుచున్నాను. మా వంటింటి అలమర తలుపు మాత్రము ఇంకను కిర్రుమనుచున్నది. దానిని తరువాత చూతములే!