రిసోటో చెప్పించిన నిజం

“ఆగు, ఆగు! బియ్యం కడక్కు!”

గిన్నెలో బియ్యం పోసి కుళాయి తిప్పబోతుంటే మా సీనియర్ కొలీగ్ దాదాపు అరిచినంత పని చేసింది. మనింట్లో బియ్యం కడక్కుండా ఎసట్లో పోస్తే అమ్మ ఊరుకుంటుందా? ఇటలీలో రిసోటోకి బియ్యం కడిగితే వీళ్లు ఊరుకోరు. గింజ మీదున్న పిండి నీళ్లతో పోతే రిసోటో చిక్కబడదట. మనకి అన్నం పొడిపొడిగా రావాలి. వీళ్లకి గింజ విరక్కూడదు, కానీ మొత్తం కలిసి క్రీములా జారాలి.

ఆ ఆదివారం నేను వెళ్లింది ఈ వంట నేర్చుకుందామనే. ఆరేళ్లుగా చెబుతున్న ఒక అబద్ధం ఆ పొయ్యి దగ్గరే బయటపడుతుందని మాత్రం అనుకోలేదు.

మాది తణుకు దగ్గర చిన్న పల్లెటూరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ అయ్యింది. నాలుగేళ్లు హైదరాబాద్‌లో కోడ్ రాశాక, రెండేళ్ల కిందట ప్రాజెక్టు మీద మిలాన్ వచ్చాను. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం లంచ్ టేబుల్ దగ్గర అందరూ వాళ్ల పేరెంట్స్ గురించి చెబుతున్నారు. బ్యాంక్ మేనేజర్, లెక్చరర్, రియల్ ఎస్టేట్... నా వంతు వచ్చింది.

“అగ్రికల్చర్” అన్నాను.

“అబ్బో, ఎన్నెకరాలేంటి?” అన్నారెవరో.

“ఐదు” అనేశాను.

మాకు సెంటు పొలం లేదు. నాన్నది రైస్ మిల్లులో బస్తాలు మోసే జట్టు పని. అమ్మ నాట్లకీ కలుపుకీ కోతలకీ కూలికి వెళ్లేది. ఆ ఐదెకరాలు ఉన్నమాట నిజమే. కాకపోతే అవి అమ్మ పనికెళ్లే ఆసామివి.

తర్వాత ఒకసారి అమ్మ హైదరాబాద్ వచ్చింది. రూమ్మేట్స్ ఇంకా ఆఫీసుల నుంచి రాలేదు. “ఎవరైనా అడిగితే వ్యవసాయం అని చెప్పమ్మా, చాలు” అన్నాను. అమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి “సరేలేరా” అంది. ఇంకేం అనలేదు. తెచ్చిన సున్నుండలు డబ్బాలో సర్దడం మొదలుపెట్టింది.

మిలాన్‌లోనూ అదే పాట. ఓ రోజు ఆఫీసులో నా లంచ్ బాక్సులో అన్నం చూసి కొలీగ్ అడిగింది. “మాది వరి పండించే కుటుంబం” అన్నాను. ఆవిడ తెగ సంబరపడిపోయింది. “మా అమ్మ చిన్నప్పుడు వరి పొలాల్లో పనిచేసింది. ఎనభై ఆరేళ్లు. నీతో మాట్లాడితే సంతోషిస్తుంది. ఆదివారం రా, రిసోటో చేద్దాం” అంది. వాళ్లమ్మగారు ఉండేది మిలాన్‌కి దక్షిణంగా, పావియా వైపు ఓ చిన్న ఊళ్లో.

అది మే నెల. ఊరు దాటాక రైలు కిటికీలోంచి చూస్తే నాకు మతి పోయింది. నీళ్లు నిండిన మళ్లు, మధ్యలో గట్లు, గట్ల మీద కొంగలు. కొబ్బరిచెట్లు లేవన్న మాటే గానీ, మా తణుకు రోడ్డే! యూరప్‌లో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే. అందులో ఎక్కువ భాగం ఈ పో నది మైదానంలోనే పండుతుంది.

ఫోన్‌లో వెతుకుతుంటే ఇంకో సంగతి దొరికింది. రిచర్డ్ బెయిర్డ్ స్మిత్ అని ఒక బ్రిటిష్ ఇంజినీర్ ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కోసం 1850ల్లో ఈ పీడ్‌మాంట్, లొంబార్డీ కాలువల మీద పెద్ద రిపోర్టు రాశాడు. అదే మనిషి తర్వాత మన కావేరి, కృష్ణా, గోదావరి పనుల మీద ఇంకో రిపోర్టు రాశాడు. 1852లో పూర్తయిన మా ధవళేశ్వరం ఆనకట్టకీ, ఈ కాలువలకీ అప్పుడే చుట్టరికం కలిసిందన్నమాట. ఇక్కడి పెద్ద కాలువని 1863లో మొదలుపెట్టి 1866కల్లా తవ్వేశారు. దానికి కవూర్ అనే ప్రధానమంత్రి పేరు పెట్టారు. మా ఊళ్లలో కాటన్ దొర విగ్రహాలున్నట్టే.

సరే, మళ్లీ వంటింట్లోకి వద్దాం.

నలుగురికి 320 గ్రాముల బియ్యం. కార్నరోలి అనే రకం, 1945లో మిలాన్ దగ్గరే పుట్టింది. గింజ లావు, ఎంత ఉడికినా లోపల కాస్త గట్టిదనం ఉంటుంది. పక్క పొయ్యి మీద లీటరుకి కొంచెం పైగా ఎముకల రసం మరుగుతూనే ఉండాలి. చల్లటి రసం పోస్తే ఉడుకు ఆగిపోతుంది.

ముందు వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయ మెత్తబడనివ్వాలి, ఎర్రబడనివ్వకూడదు. పాత పద్ధతిలో అయితే ఇందులో బీఫ్ ఎముకలోని మూలుగ కూడా వేస్తారు. ఇష్టం లేనివాళ్లు వెన్నతోనే కానిచ్చేస్తారు. తర్వాత బియ్యం వేసి వేయించాలి. రంగు మారకూడదు గానీ, గింజ ముట్టుకుంటే చురుక్కుమనాలి. అప్పుడు అరగ్లాసు వైట్ వైన్. అది ఆవిరయ్యాక ఒక్కో గరిటె రసం పోస్తూ, ఇగిరాక ఇంకో గరిటె పోస్తూ, కలుపుతూ ఉండాలి. పదహారు నుంచి పద్దెనిమిది నిమిషాలు. పొయ్యి వదిలి కదలకూడదు.

ఆ పద్దెనిమిది నిమిషాలే నా కొంప ముంచాయి.

పెద్దావిడ కుర్చీ లాక్కుని పొయ్యికి కాస్త దూరంలో కూర్చుంది. కూతురు నాకు ఇంగ్లిష్‌లో చెబుతోంది.

“మీ దగ్గర కుదురుకి ఎన్ని మొక్కలు పెడతారు?”

“మూడో నాలుగో.”

“ముందుకి నడుస్తారా, వెనక్కా?”

“వెనక్కే.”

“సాయంత్రానికి బొటనవేలు ఎలా ఉంటుంది?”

“గోరు పక్కన పగిలిపోతుందండీ. మా అమ్మ రాత్రిపూట కొబ్బరినూనె రాసుకునేది.”

పెద్దావిడ తన బొటనవేలు వైపు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. “మీ పొలంలో మీ అమ్మే నాట్లు వేసేదా? మా దగ్గర ఆసామి భార్య ఎప్పుడూ నీళ్లలోకి దిగలేదే!”

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

“కలుపు, అడుగంటుతుంది” అంది కొలీగ్.

కలుపుతూనే చెప్పేశాను. మాకు పొలం లేదని. అమ్మ కూలికెళ్లేదని. నేను చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఇవన్నీ చూశానని. కొలీగ్ వైపు చూడలేకపోయాను. ఆవిడ ఒక్క మాట కూడా వదలకుండా వాళ్లమ్మకి అనువదించింది.

పెద్దావిడ కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. “ముందే చెప్పొచ్చుగా అబ్బాయీ! ఎవరో భూస్వామి కొడుకు వస్తున్నాడు, ఏం మాట్లాడాలిరా దేవుడా అనుకున్నా.”

ఆవిడది ఎమీలియా ప్రాంతం. పదిహేనేళ్లకే ఊళ్లో అమ్మాయిలతో కలిసి రైలెక్కి వెర్చెల్లి వరి పొలాలకి వచ్చింది. ఏటా మే ఆఖర్లో వచ్చి, దాదాపు నలభై రోజులు నాట్లూ కలుపూ. ఇలాంటి ఆడకూలీల్ని ఇక్కడ ‘మొందీనే’ అంటారు. మోకాళ్ల దాకా నీళ్లు, వంచిన నడుం, దోమలు, జలగలు. రాత్రి పెద్ద కొట్టాల్లో గడ్డి మీద పడక. వీళ్ల మీద 1949లో ‘రీసో అమారో’ అనే ఫేమస్ సినిమా వచ్చింది. “అందులో హీరోయిన్ కాళ్లు బాగున్నాయి. జలగలు కుట్టిన కాళ్లు అలా ఉండవు” అని నవ్వింది.

కూలి డబ్బుతోపాటు రోజుకి కిలో బియ్యం ఇచ్చేవారట. సీజన్ అయ్యాక నలభై కిలోల బియ్యంతో ఇంటికి వెళ్తే వాళ్లమ్మ ఆ బస్తాని మంచం పక్కనే పెట్టుకునేదట. మా ఇంట్లో కూడా అంతే. కోతలప్పుడు అమ్మకి కూలి కింద కుంచంతో కొలిచి ధాన్యం ఇచ్చేవాళ్లు. ఆ బస్తా మీద కూర్చునే నేను ఎక్కాలు చదువుకున్నాను.

అన్నిటికంటే ఆవిడ గట్టిగా చెప్పింది ఒకటుంది. 1906లో వెర్చెల్లి మొందీనేలు సమ్మె చేసి ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారని. ఆవిడ పుట్టకముందు సంగతి అది. అయినా “మేమే సాధించాం” అన్నట్టే చెప్పింది.

ఇంతలో గింజ ఉడికింది. వేడి రసంలో నానబెట్టిన కుంకుమపువ్వు పోయగానే గిన్నె అంతా పచ్చగా మారిపోయింది. పొయ్యి కట్టేసి, చల్లటి వెన్న ముక్కలు, గ్రానా పదానో చీజ్ తురుము వేసి జోరుగా కలపాలి. నిమిషం మూతపెట్టి వదిలేయాలి. ప్లేటు ఒంపితే రిసోటో అలలా జారాలి. నాది కాస్త గట్టిపడింది. మరి మధ్యలో గరిటె ఆపాను కదా!

తింటుంటే కొలీగ్ ఈ పసుపు రంగు కథ చెప్పింది. 1574లో మిలాన్ పెద్ద చర్చికి రంగుటద్దాలు చేయడానికి ఫ్లాండర్స్ నుంచి వచ్చిన వాలేరియో అనే ఆయన దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడట. ఏ రంగులోనైనా కాస్త కుంకుమపువ్వు కలిపేవాడట. గురువుగారి కూతురి పెళ్లిలో అన్నంలోనూ కలిపేశాడట. ఇది కథే. పుస్తకాల్లో అయితే 1829లో ఫెలీచె లురాస్కి అనే మిలాన్ వంటవాడు కుంకుమపువ్వు వేసిన రిసోటోని ఈ ఊరి పేరుతోనే రాశాడు.

“రంగు కలిపినవాడి కథ అందరికీ తెలుసు” అంది పెద్దావిడ ప్లేటు ఖాళీ చేస్తూ. “నాటినవాళ్ల సంగతి ఎవరూ అడగరు.”

రాత్రి రూముకొచ్చి అమ్మకి వీడియో కాల్ చేశాను. రిసోటో ఫొటో ముందే పంపాను.

“ఏంట్రా అది, పులగంలా ఉంది? కడక్కుండానే వండేశారా? రాళ్లుండవూ?”

“ఉండవమ్మా. అది చేయించినావిడ కూడా చిన్నప్పుడు నాట్లకెళ్లేది. నీలాగే.”

“ఆ దేశంలో కూడానా!” అని ఆశ్చర్యపోయింది. కాసేపు ఆగి, నెమ్మదిగా అడిగింది. “నాలాగే అని ఆవిడకెలా తెలుసు? నువ్వు వ్యవసాయం అని చెప్పలేదా?”

హైదరాబాద్ గదిలో సున్నుండలు సర్దుతున్న చేతులు గుర్తొచ్చాయి. నేనన్న ఆ మాట అమ్మ మర్చిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

“లేదమ్మా. కూలికెళ్లేదని చెప్పాను. మాకు పొలం లేదనీ చెప్పాను.”

స్క్రీన్ మీద అమ్మ కాసేపు కదల్లేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకున్నాక తెలిసింది, ఆగలేదని.

“ఆవిడకి కూడా నడుం నొప్పేనా?” అంది.

“అవునమ్మా.”

“సరే, ఈసారి వెళ్లినప్పుడు చెప్పు. ఆముదం కాచి రాసుకోమని.”