కడప బంగళాలోని పుస్తకాలు

తాటాకు పుస్తకానికి ఆయువు పరిమితం. గంటంతో గీసిన అక్షరాలకు మసి పట్టించి, చిల్లులలో దారం గుచ్చి, చెక్కల మధ్య బిగించి ఎంత పదిలపరచినా చెమ్మ, చెదలు, పురుగులు దానిని విడిచిపెట్టవు. అందుచేత మన పూర్వులు పాత ప్రతి శిథిలం కాకముందే కొత్త ప్రతిని వ్రాయించుకొనేవారు. వ్రాయించేవారు కరువైననాడు కావ్యమే అంతరించేది. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో అనేక తెలుగు గ్రంథాల స్థితి ఇదే.

1817లో కుంపిణీ ఉద్యోగిగా మద్రాసుకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపలో కొలువు చేపట్టాడు. కచేరీ వ్యవహారాలకై నేర్చిన తెలుగు అతనిని కొన్నేళ్ళకు వేమన వద్దకు చేర్చింది. ఒకే పద్యం ఒక ప్రతిలో ఒక విధంగా, మరొక ప్రతిలో మరొక విధంగా కనిపించింది. ఏది వేమన మాట? ఒక్క ప్రతిని ముందు పెట్టుకొని ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేము. ఎన్నో ప్రతులను పరిశీలించిన మీదట 1829లో వేమన పద్యాలను అతడు ప్రకటించాడు.

1826లో కడపకు తిరిగి వచ్చిన బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను తన సొంత ధనంతో నియమించాడు. ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. కొన్నింటిని కొనేవాడు, కొన్నింటిని ఎరువు తెచ్చి నకలు వ్రాయించేవాడు. లేఖకుడు కాగితంపైకి ఎత్తివ్రాసిన పాఠాన్ని పండితులు తక్కిన ప్రతులతో పోల్చి, పాఠభేదాలను గుర్తించి దిద్దేవారు. గణం తప్పినచోట, యతిప్రాసలు చెడినచోట లేఖక ప్రమాదం బయటపడేది. (ఛందస్సు ఈ విషయంలో గొప్ప కావలి. తప్పు మాట చాలావరకు గణంలో ఇమడదు.) ఇట్లు సిద్ధమైన శుద్ధప్రతికి బైండు కట్టించేవాడు. జీతం చాలక అప్పులపాలైనా ఈ పనిని ఆపలేదు.

నేటి గ్రంథాలయాలలో ఒకే పుస్తకానికి రెండు మూడు ప్రతులుంటే అదనమని తీసివేయడం వాడుక. స్థలం చాలనప్పుడు అది తప్పదు. అచ్చు పుస్తకానికి చెల్లే ఈ న్యాయం వ్రాతప్రతికి చెల్లదు. చేతితో వ్రాసిన రెండు ప్రతులు ఏనాడూ ఒకటి కావు. చినిగిన ప్రతిలోని ఒక్క ఆకు, నిండు ప్రతిలోని తప్పును దిద్దవచ్చు.

ఈ కీర్తిలో పండితుల పాలు తక్కువ కాదు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటివారి పాండిత్యమే ఆ ప్రతులకు ప్రాణం. అయినా లోకంలో బ్రౌన్ పేరు నిలిచింది, వారి పేర్లు పరిశోధకుల వద్దనే ఉండిపోయాయి. ఇది న్యాయమైన పంపకమని అనలేము.

1835లో సెలవుపై ఇంగ్లండుకు వెళ్ళిన బ్రౌన్‌కు లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు చదివేవారు లేక పడి ఉండడం కనిపించింది. వాటిని మద్రాసుకు పంపేటట్లు కుంపిణీని అతడు ఒప్పించాడు. పుస్తకం చదువరి ఉన్నచోట ఉండాలన్న ఈ ఆలోచన అతని సేకరణకంటె తక్కువది కాదు. కూడబెట్టినవారికి విడిచిపెట్టడం కష్టం. బ్రౌన్ తన సొంత సంపుటాలను సైతం 1840 దశకంలో మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి తరువాత మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

అతడు దేశం విడిచిన తరువాత కడప బంగళా శిథిలమైంది. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషితో బ్రౌన్ పేర గ్రంథాలయం వెలసింది. ఊళ్ళలోని పాత ఇళ్ళ అటకలమీద మిగిలిన తాళపత్రాలు కొన్ని ఇప్పుడు అక్కడికి చేరుతున్నాయి.