పట్నంలో బిగించాం, ఊళ్లో వద్దన్నాం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐటీఐ అయ్యాక మేం ఇద్దరం విశాఖలో ఓ గ్యారేజీలో కుదిరాం. ఒకరోజు టర్బో కారొకటి వచ్చింది, ఎలక్ట్రిక్ కటౌట్ పెట్టాలంట. సినిమా హీరో కటౌట్ కాదు, పొగగొట్టానిది. "ఏజెన్సీ పిల్లలకి వైరింగ్ ఇస్తే కారు తగలబెడతారు" అన్నాడు ఓనరు. మాకు మండింది.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. ఆక్సిజన్ సెన్సార్ దాటాక, సైలెన్సర్‌కి ముందు పైపు కోసి వై ముక్క వెల్డింగ్ చేశాం. దానికి మోటారు వాల్వ్ బిగించి, ఫ్యూజ్ పెట్టి, వైర్లు వేడి పైపుకి తగలకుండా లాగి, డ్రైవర్ దగ్గర స్విచ్ ఇచ్చాం. నొక్కితే పొగ సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటికి పోద్ది. అడ్డు తగ్గి టర్బో తొందరగా అందుకుంటుంది. ఆ మోతకి వీధంతా తిరిగి చూసింది. తర్వాతి కారు వైరింగ్ ఓనరు మాకే ఇచ్చాడు.

సంక్రాంతికి ఊరెళ్తే జీపు నడిపే మా అన్న "నా బండికీ పెట్టండ్రా, ఘాట్‌లో లాగుద్ది" అన్నాడు. పాడేరు ఆసుపత్రికి గర్భిణుల్ని తీసుకెళ్లేది ఆ జీపే. వాల్వ్ తెరుచుకునేది వాళ్ల కాళ్ల కిందే. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. టార్పాలిన్ దించిన జీపులోకి చేరితే ప్రాణాల మీదికొస్తుంది. పైగా సైలెన్సర్ తప్పించి రోడ్డు మీద నడపడం చట్టం ఒప్పదు.

"వద్దన్నా" అన్నాం. అలిగాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పితే మట్టి కట్టిపోయి ఉంది. కొత్తది వేశాం. ఇప్పుడు ఘాట్ బానే ఎక్కుతోంది.

మరి పట్నం కారుకి ఎందుకు బిగించాం? మాకూ పని వచ్చని చూపించుకోడానికి. అది ఇంకా గుచ్చుతోంది. గ్యారేజీల్లో ఉన్న మనోళ్లు, ఇలాంటి పనొస్తే మీరేం చేస్తున్నారో చెప్పండి.